మిల్లు మూతపడితే ఊరు ఏం కావాలి?

మీ చేతిలో ఉన్న ఈ కాగితాన్ని ఒకసారి తడిమి చూడండి. నున్నగా ఉంది. తెల్లగా ఉంది. ఇది ఒకప్పుడు కట్టె. లేదా వెదురు బొంగు. కట్టెను కాగితంగా మార్చే పని మీదనే ఒక ఊరు ఊరంతా బతికింది. ఆ ఊరు కాగజ్‌నగర్.

కాగజ్ అంటే ఉర్దూలో కాగితం. నగర్ అంటే పట్నం. ఆ ఊరి పాత పేరు కొత్తపేట. మిల్లు వచ్చింది. ఊరి పేరే మారిపోయింది. ఒకప్పుడు అది ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు నుంచి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది.

ఊరి పేరులోనే మిల్లు ఉంది. అటువంటి ఊళ్ళో మిల్లు ఆగిపోతే ఏమవుతుంది? 2014 సెప్టెంబరులో అదే జరిగింది. సిర్పూర్ పేపర్ మిల్లు ఆగిపోయింది. నాలుగేళ్ళ దాకా తెరుచుకోలేదు.

మిల్లు అక్కడే ఎందుకు పెట్టారు?

1938లో సిర్పూర్ పేపర్ మిల్స్ అనే కంపెనీ పుట్టింది. అది నిజాం కాలం. 1942లో కాగితం తయారీ మొదలైంది. హైదరాబాదు ఎంత దూరం! అడవి అంచున ఉన్న ఊళ్ళో అంత పెద్ద మిల్లు ఎందుకు పెట్టినట్టు?

కాగితం మిల్లుకు ముఖ్యంగా నాలుగు కావాలి. ఒకటి వెదురు, కట్టె. చుట్టూ అడవి ఉంది. రెండు నీళ్ళు. పక్కనే పెద్దవాగు ఉంది. మూడు బొగ్గు. బెల్లంపల్లి గనులు దగ్గరే ఉన్నాయి. నాలుగు రైలు. కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలు దారి ఊరి మీదుగానే పోతుంది. ఈనాటికీ ఆ స్టేషన్ పేరు సిర్పూర్ కాగజ్‌నగర్.

నాలుగూ ఒక్కచోట దొరికే జాగలు ఎక్కువ ఉండవు. మిల్లు పెట్టినవాళ్ళు లెక్క బాగానే వేసుకున్నారు.

కట్టె కాగితం ఎట్లా అవుతుంది? ముందు కట్టెను చిన్న చిన్న ముక్కలు చేస్తారు. ఆ ముక్కలను పెద్ద పాత్రలో మందులు కలిపి, ఆవిరి పెట్టి ఉడికిస్తారు. కట్టెలో పీచు ఉంటుంది. ఆ పీచును పట్టి ఉంచే జిగురు ఉంటుంది. ఉడికితే జిగురు కరిగి నల్లటి నీరవుతుంది. పీచు మిగులుతుంది. దాన్ని కడిగి తెల్లగా చేస్తారు. అదే గుజ్జు. నీళ్ళలాంటి పలుచని గుజ్జును కదిలే జల్లెడ మీద పోస్తారు. నీరు కారిపోతుంది. పీచు పొరలాగా నిలుస్తుంది. ఆ పొరను వేడి రోళ్ళ మీద ఆరబెడతారు. కాగితం చుట్ట తయారవుతుంది.

మరి ఆ నల్లటి నీరు ఏమవుతుంది? దాన్ని చిక్కగా కాచి బాయిలర్‌లో మండిస్తారు. ఆవిరి వస్తుంది. వాడిన మందులు కూడా తిరిగి చేతికి వస్తాయి. ఆ నీటిని వాగులోకి వదలకూడదు. వదిలితే చేపలు చస్తాయి, పొలాలు పాడవుతాయి. మిల్లు ఉన్న ఊళ్ళో ప్రతి మనిషీ తెలుసుకోవలసిన సంగతి ఇది.

ఈ పని రాత్రీ పగలూ ఆగదు. మూడు షిఫ్టుల్లో మనుషులు కావాలి. పల్లెల నుంచి వచ్చారు. దూరపు జిల్లాల నుంచి వచ్చారు. ఇతర రాష్ట్రాల నుంచి కూడా వచ్చారు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, హిందీ, ఒకే గల్లీలో వినబడే పట్నం తయారైంది.

ఒక హెచ్చరిక ముందే వచ్చింది

కాగజ్‌నగర్‌లో ఇంకో మిల్లు కూడా ఉండేది. దాని పేరు సర్‌సిల్క్. అక్కడ రేయాన్ తయారయ్యేది. రేయాన్ అంటే చెట్టు గుజ్జు నుంచో, పత్తి నూగు నుంచో తీసే పట్టులాంటి దారం. ఆ మిల్లు 1985లో మూతపడింది. మళ్ళీ తెరుచుకోలేదు. దాని పేరు కాలనీకి మిగిలింది.

అప్పుడు ఊరు దెబ్బతిన్నది. కాని కూలిపోలేదు. ఎందుకు? కాగితం మిల్లు నడుస్తున్నది కాబట్టి. ఇంట్లో ఇద్దరు సంపాదించేవారు ఉంటే ఒకరు మంచాన పడ్డా పొయ్యి వెలుగుతుంది. కాని ఆ తర్వాత ఊరంతా ఒక్కరి సంపాదన మీదనే నిలబడింది. మూడో దారి వెతుక్కోవడానికి దాదాపు ముప్పై ఏళ్ళ సమయం ఉండింది. ఆ పని గట్టిగా జరగలేదు. తప్పు ఒక్కరిది కాదు. పొగగొట్టం నుంచి పొగ వస్తున్నంత కాలం ఎవరికీ తొందర ఉండదు.

ఒక జీతం ఎన్ని ఇళ్ళకు పోతుంది?

ఒక లెక్క చూద్దాం. ఇది ఊహించిన లెక్క. మీ ఊరికి తగినట్టు అంకెలు మార్చుకోండి.

ఒక కార్మికుడికి నెలకు 10,000 రూపాయల జీతం అనుకుందాం. అందులో 4,000 కిరాణం కొట్టుకు పోతుంది. 1,000 పాలామెకు పోతుంది. 2,000 ఇంటి కిరాయి. 1,000 పిల్లల బడికి. 500 బట్టలు కుట్టే ఆయనకు, మంగలికి, ఆటోకు. మిగిలింది మందులకో, చిట్టీకో.

కిరాణం షావుకారి ఆ 4,000లో సగానికి పైగా సరుకు తెచ్చిన చోట కట్టాలి. మిగిలిన దాంట్లో కొట్లో పనిచేసే పిల్లవాడికి జీతం ఇస్తాడు. ఆ పిల్లవాడు మళ్ళీ అదే అంగడిలో కూరగాయలు కొంటాడు. ఆ కూరగాయలు పక్క పల్లెలోని రైతువి. పాలామె తన 1,000లో కొంత పెట్టి తవుడు, చెక్క కొంటుంది.

అంటే ఒక్క జీతం ఆగితే ఒక్క ఇల్లు ఆగదు. ఐదారు ఇళ్ళు తడబడతాయి. మిల్లులో పర్మినెంటు కార్మికులు ఉన్నారు, కాంట్రాక్టు కార్మికులు ఉన్నారు. వెదురు నరికేవాళ్ళు, లారీ నడిపేవాళ్ళు, బరువులు మోసే హమాలీలు ఉన్నారు. వీళ్ళందరి సంపాదన ఒకేసారి నిలిచింది.

జీతం ఆగిన ఇంట్లో ముందు ఏం తగ్గుతుంది? పాలు తగ్గుతాయి. తర్వాత బడి ఫీజు బాకీ పడుతుంది. ఆ తర్వాత కిరాణం ఖాతా నిండుతుంది. షావుకారి కొన్నాళ్ళు ఆగుతాడు. ఆయనకూ పై నుంచి ఒత్తిడి వస్తుంది. వయసులో ఉన్నవాళ్ళు రైలెక్కి వేరే ఊళ్ళకు కైకిలికి పోతారు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు ఊళ్ళో మిగులుతారు. ఊరు బయటికి అట్లాగే కనబడుతుంది. లోపల మాత్రం ఖాళీ అవుతుంది.

తలుపు ఎట్లా తెరుచుకుంది?

మిల్లుకు నష్టాలు వచ్చాయి. అప్పులు పెరిగాయి. అప్పు తీర్చలేని కంపెనీని ఏం చేయాలి? దానికోసం 2016లో దివాలా చట్టం వచ్చింది. ఈ చట్టం సంగతి కార్మికుల ఇళ్ళలో తప్పక తెలిసి ఉండాలి.

కంపెనీ దగ్గర బాకీ రావలసినవాళ్ళు ట్రిబ్యునల్ అనే కోర్టుకు పోవచ్చు. ట్రిబ్యునల్ ఒప్పుకుంటే కంపెనీ పెత్తనం పాత యజమానుల చేతిలోంచి పోతుంది. ఒక అధికారి చేతికి వస్తుంది. ఆ అధికారి పత్రికలో ప్రకటన వేస్తాడు. ఎవరికి ఎంత బాకీ ఉందో గడువులోగా రాసి ఇమ్మంటాడు. బ్యాంకులు రాసి ఇస్తాయి. సరుకు ఇచ్చినవాళ్ళు రాసి ఇస్తారు. కార్మికులు కూడా రాసి ఇవ్వాలి. ఒక్కొక్కరుగా ఇవ్వచ్చు. అందరి తరఫున ఒకరు ఇవ్వచ్చు.

ఇక్కడే చదువు అక్కరకు వస్తుంది. ప్రకటన చదవనివాడికి గడువు తెలియదు. గడువు దాటితే బాకీ లెక్కలోకి ఎక్కించుకోవడానికి తిప్పలు పడాలి. జీతం చీటీలు, పి.ఎఫ్. నంబరు, గుర్తింపు కార్డు జాగ్రత్తగా దాచుకున్నవాళ్ళకు తమ బాకీ చూపించడం సులువు.

తర్వాత అప్పులవాళ్ళ కమిటీ కూర్చుంటుంది. మిల్లు కొంటామని వచ్చినవాళ్ళ ప్లాన్లు చూస్తుంది. ఓటు వేసి ఒక ప్లాను ఒప్పుకుంటుంది. ఆ ఓటు ముఖ్యంగా బ్యాంకులది. కార్మికులకు అక్కడ ఓటు లేదు. ముప్పై ఏళ్ళు ఆ యంత్రం పక్కన నిలబడ్డ మనిషికి ఓటు లేదు. ఏనాడూ మిల్లు గేటు చూడని బ్యాంకు అధికారికి ఉంది. ఇది చాలామందికి మింగుడుపడని సంగతి.

అయినా చట్టంలో కార్మికులకు కొంత రక్ష ఉంది. ఏ ప్లానూ కుదరక మిల్లును అమ్మివేయవలసి వస్తే, అంతకుముందు 24 నెలల కార్మికుల బాకీలకు, తాకట్టు ఉన్న బ్యాంకు అప్పులతో సమానమైన వరుస ఉంటుంది. పి.ఎఫ్., గ్రాట్యుటీ సొమ్మును ఆ అమ్మకపు ఆస్తిలో కలపకూడదు.

సిర్పూర్ మిల్లు సంగతి 2017లో హైదరాబాదు ట్రిబ్యునల్‌కు వచ్చింది. జె.కె. పేపర్ అనే కంపెనీ ముందుకు వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం పదేళ్ళ పాటు కరెంటులో, పన్నులో, ముడిసరుకులో రాయితీలు ఇస్తామన్నది. 2018 జులైలో ట్రిబ్యునల్ ప్లాను ఒప్పుకుంది. ఆగస్టులో మిల్లు కొత్త యజమాని చేతికి వచ్చింది. పాత యంత్రాలు బాగుచేసి మళ్ళీ కాగితం తీశారు.

ఊరు పండుగ చేసుకుంది. చేసుకోవలసిందే. మూతపడ్డ మిల్లులు తెరుచుకోవడం అంత సులువు కాదు. అదే 2014లో ములుగు దగ్గర కమలాపురంలోని గుజ్జు ఫ్యాక్టరీ కూడా ఆగింది. దానికీ రాయితీలు ప్రకటించారు. అయినా అది నడవలేదు. రామగుండంలో ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. దాని జాగలో కొత్త ఫ్యాక్టరీ కట్టి 2021లో ఎరువు తీశారు. మధ్యలో 22 ఏళ్ళు పోయాయి. పనిలో ఉన్న మనిషి ఆ లోపల ముసలివాడవుతాడు.

కాగజ్‌నగర్‌లో కూడా మిల్లు తెరిచినంత మాత్రాన అన్నీ వెనక్కి రాలేదు. పాతవాళ్ళందరికీ పాత పని, పాత జీతం దొరకలేదు. కొత్త యజమాని కొత్త ఒప్పందం పెడతాడు. కొత్త యంత్రానికి మనుషులు తక్కువ చాలు. పైగా ఆ రాయితీలకు గడువు పదేళ్ళే.

ఇప్పుడు కట్టె ఎక్కడి నుంచి వస్తుంది?

ఒకప్పుడు మిల్లు అడవి మీద బతికింది. 1988 నాటి జాతీయ అటవీ విధానం ఈ దారి మార్చమన్నది. ఫ్యాక్టరీలు తమకు కావలసిన కట్టెను రైతులతో పెంచించుకోవాలన్నది. గోదావరి ఒడ్డున సారపాక దగ్గర ఉన్న భద్రాచలం కాగితం మిల్లు ఆ దారి పట్టింది. అక్కడి రైతులు నీలగిరి, సుబాబుల్ వేశారు.

కాగజ్‌నగర్ చుట్టుపక్కల రైతుకు కూడా ఈ దారి ఉంది. ఇక్కడ ఎక్కువగా పత్తి వేస్తారు. పత్తి ఏటా పైసలు ఇస్తుంది. ఏటా ముంచనూ వచ్చు. నీలగిరి కోతకు నాలుగైదేళ్ళు పడుతుంది. పురుగు మందుల ఖర్చు తక్కువ. కాని ఆ నాలుగేళ్ళు ఇల్లు ఎట్లా గడవాలి? ఉన్న భూమి అంతా ఒకే చెట్టుకు ఇస్తే అది కూడా ఒక్క పొగగొట్టం మీద బతకడమే.

వేసేముందు నాలుగు మాటలు కాగితం మీద రాయించుకోవాలి. టన్నుకు రేటు ఎంత? కోత కూలి ఎవరిది? లారీ కిరాయి ఎవరిది? తూకం ఎక్కడ వేస్తారు? పచ్చి కట్టె రోజురోజుకూ ఆరిపోయి బరువు తగ్గుతుంది. లారీ రెండు రోజులు గేటు ముందు నిలబడితే నష్టం ఎవరికి? ఇది కూడా రాయించుకోవాలి.

వెదురు సంగతి వేరు. పాత అటవీ చట్టం ప్రకారం వెదురు కూడా చెట్టే. సొంత భూమిలో పెంచిన వెదురు కొట్టి తీసుకుపోవాలన్నా చిక్కులు వచ్చేవి. 2017లో ఆ చట్టాన్ని మార్చారు. అడవి కాని భూమిలో పెరిగిన వెదురు ఆ చట్టంలోని చెట్టు లెక్కలోకి రాదు. ఇప్పుడు మేదరి ఇళ్ళవాళ్ళు, వెదురు అల్లే కొలాములు తమ పెరట్లో, గట్ల మీద వెదురు పెంచుకోవచ్చు. ఒక బొంగు మిల్లుకు పోతే బరువు లెక్కన పైసలు వస్తాయి. అదే బొంగు తట్ట, చాట, నిచ్చెన అయితే పని చేసిన చేతికి కూలి కూడా దక్కుతుంది.

ప్రాణహిత అవతల ఒక ఊరు

కాగజ్‌నగర్ నుంచి తూర్పుకు పోతే ప్రాణహిత నది వస్తుంది. అవతల మహారాష్ట్ర. గడ్చిరోలి జిల్లా. ఆ జిల్లాలో మేంఢా లేఖా అనే చిన్న గోండు పల్లె ఉంది. అక్కడి అడవిలోని వెదురు ఒకప్పుడు బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు పోయేది. ఊరివాళ్ళకు దక్కింది నరికిన కూలి మాత్రమే.

ఆ ఊళ్ళో ఒక అలవాటు ఉంది. కొందరు కలిసి కూర్చుని చట్టాలు చదువుకుంటారు. తెలియని సంగతి తెలిసినవారిని పిలిచి అడుగుతారు. తర్వాత గ్రామసభలో పెడతారు. అందరూ ఒప్పుకునే దాకా మాట్లాడతారు. చేతులెత్తి లెక్కపెట్టి ఒకరిని ఓడించరు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అందులో వెదురును చిన్న తరహా అటవీ ఫలసాయం అన్నారు. తునికాకు, ఇప్పపువ్వు లాంటిదన్న మాట. హక్కు పొందిన గ్రామసభ దాన్ని అమ్ముకోవచ్చు. మేంఢా లేఖావాళ్ళు ఈ మాట చదివారు. 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద ఊరి ఉమ్మడి హక్కు పత్రం పొందారు. అయినా వెదురు తీసుకుపోవడానికి పర్మిట్ దొరకలేదు. చేతిలో పత్రం ఉంది, బండి మాత్రం కదలదు. వాళ్ళు పట్టు వదల్లేదు. 2011 ఏప్రిల్‌లో పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది. అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ ఊరికి వచ్చి ఇచ్చారు. ఆ తర్వాత వెదురు రేటు ఊరు మాట్లాడుకుంది. పైసలు గ్రామసభ ఖాతాలో పడ్డాయి.

ఇదే అడవి, ఇదే వెదురు, కాగితం మిల్లు కూడా దగ్గరిదే. తేడా ఎక్కడుంది? రేటు మాట్లాడే చోట ఊరు కూర్చున్నది.

నది ఇవతల ఇంకో సంగతి జరిగింది. మహారాష్ట్రలోని తాడోబా నుంచి కవ్వాల్ దాకా పులులు ఈ అడవుల గుండా తిరుగుతాయి. పులికి దారి కావాలి, నిజమే. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేనులో పనిచేస్తున్న ఒక మహిళను పులి చంపింది. అంటే మనుషులకు కూడా రక్షణ కావాలి. 2025 మే నెలలో ప్రభుత్వం ఈ అడవులను కుమురం భీం పేరుతో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. తమను అడగలేదని ఆదివాసులు కదిలారు. తమ సాగు, తమ అడవి పని ఏం కావాలని నిలదీశారు. జులైలో ప్రభుత్వం ఆ ఉత్తరువును ఆపి పెట్టింది. ముందే గ్రామసభల్లో కూర్చుని మాట్లాడి ఉంటే రెండు నెలల గొడవ తప్పేది. పులికి కూడా మేలయ్యేది.

పట్నంలో ఎక్కడ కూర్చోవాలి?

పల్లెలో గ్రామసభ ఉంది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి అది జరగాలి. మరి పట్నంలో?

2019లో తెలంగాణ మున్సిపల్ చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి. ఒకటి యువకులది. ఒకటి మహిళలది. ఒకటి వయసు మళ్ళినవారిది. ఒకటి వార్డులోని పెద్దమనుషులది. ఒక్కో కమిటీలో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. మీ వార్డులో ఆ 60 మంది ఎవరో మీకు తెలుసా? చాలామందికి తెలియదు. కొందరు సభ్యులకు తాము సభ్యులమన్న సంగతే తెలియకపోవచ్చు. మున్సిపల్ ఆఫీసుకు పోయి పేర్ల జాబితా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

రోడ్డు పక్కన కూరగాయలు, పండ్లు, బట్టలు అమ్ముకునేవాళ్ళకు 2014లో వేరే చట్టం వచ్చింది. ఎక్కడ అమ్ముకోవాలో తేల్చడానికి పట్నానికి ఒక కమిటీ ఉండాలి. ఆ కమిటీలో కనీసం 40 శాతం మంది అమ్ముకునేవాళ్ళే ఉండాలి. అంటే పది మందిలో నలుగురు. ఆ నలుగురిలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. చిన్న పట్నానికి ఇది పెద్ద సంగతి. మిల్లు జీతం రాని రోజుల్లో చాలా ఇళ్ళను నిలబెట్టేది ఇట్లాంటి తోపుడు బండే.

అక్కడ కూర్చున్నప్పుడు ఏం అడగాలి? అంగడికి నీడ, నీళ్ళు ఉన్నాయా? పల్లెల నుంచి కూరగాయలు తెచ్చే ఆడవాళ్ళు రాత్రి సరుకు దాచుకునే జాగ ఉందా? మిల్లులో పని నేర్చుకోవడానికి మన ఐ.టి.ఐ. పిల్లలను ఎంతమందిని తీసుకుంటున్నారు? పొదుపు సంఘాలు కుట్టే సంచులు, అల్లే బుట్టలు మున్సిపాలిటీ ఏమన్నా కొంటుందా? వాగు నీటిని పరీక్ష చేశారా? ఆ కాగితం చూపిస్తారా? రాయితీల గడువు 2028 ప్రాంతంలో తీరుతుంది. ఆ తర్వాతి సంగతి ఎవరైనా ఆలోచిస్తున్నారా?

ఇవి పెద్ద ప్రశ్నలేమీ కావు. కాని మీటింగులో ఒక్కరే లేచి అడిగితే కూర్చోమంటారు. పదిమంది ఒకే ప్రశ్న రాసుకుని పోతే రిజిస్టరులో ఎక్కుతుంది.

రిజిస్టరు అంటే గుర్తొచ్చింది. మీటింగు అయ్యాక సంతకాలకు పుస్తకం చేతికి వస్తుంది. తొందరపెడతారు. తొందరపడవద్దు. పైన రాసిన తీర్మానం మెల్లగా చదవండి. మీరు అడిగింది అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే రాయమనండి. తీర్మానానికీ సంతకాలకూ మధ్య ఖాళీ జాగ వదిలి ఉంటే అడ్డంగా ఒక గీత కొట్టించి, అప్పుడు సంతకం పెట్టండి.